యుద్ధకాలపు విశాఖ: సామాన్యుల జ్ఞాపకాలు, వాటి సంరక్షణ

విశాఖపట్నం మీద 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఇరవై తొమ్మిదేళ్ల తరవాత, 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ ఊరి ముంగిట సముద్రంలో మునిగిపోయింది. రెండింటికీ ఊళ్లో గుర్తులున్నాయి. మొదటిదానికి విశాఖ మ్యూజియంలో పేలని జపాన్ బాంబు, రెండోదానికి బీచ్ రోడ్డులో విజయ స్మారకం. ఆ రోజుల్లో ఊళ్లో బతికినవాళ్లు ఏం తిన్నారు, ఎటు పోయారు, పోయేటప్పుడు ఏం మూటగట్టుకున్నారు, తిరిగొచ్చేసరికి ఇంట్లో ఏం మిగిలింది అన్న సంగతులకు అలాంటి చోటేదీ ఏర్పడలేదు. అవి కుటుంబాల మాటల్లో, పేటల పేర్లలో, కొన్ని వంటల్లో, పాత పత్రికల్లో చెల్లాచెదరుగా ఉన్నాయి. అవి ఏమిటి, ఎక్కడున్నాయి, వాటిని కూడబెట్టడానికి తెలుగునాట, బయటా ఏ దారులున్నాయి అన్నది ఈ వ్యాస విషయం.

రేవు ఊరు, యుద్ధం

ఈ తీరానికి యుద్ధం కొత్త కాదు. 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధాన్ని జంగాలు కథగా ఊరూరా పాడారు. 1794 జులై 10న భీమిలికి దగ్గర్లోని పద్మనాభం వద్ద విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనల చేతిలో చనిపోయాడు. 1804 సెప్టెంబరు 15న విశాఖ రేవు ఎదుటే ఫ్రెంచి, ఇంగ్లీషు యుద్ధనౌకలు తలపడ్డాయి. వీటిలో జనం నోట నిలిచింది బొబ్బిలి కథే. దానికి కారణం ఉంది. కోట, కత్తి, ఫిరంగులతో పాటు కోట లోపలి ఆడవాళ్ల గతి ఏమైందో కూడా ఆ కథ చెప్పింది.

ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి ఊరి సంగతి మారిపోయింది. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ కొత్త హార్బరులోకి ప్రవేశించింది. అదే ఏడాది డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ హార్బరును లాంఛనంగా ప్రారంభించాడు. 1939లో యుద్ధం మొదలయ్యాక ‘సర్కార్స్’ పేరుతో నౌకాదళ స్థావరం వచ్చింది. 1941 జూన్ 21న వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ తలపెట్టిన షిప్‌యార్డుకు బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశాడు. ఊరికి కూలి, జీతం, వ్యాపారం తెచ్చిన ఈ హంగులే శత్రువిమానాలకు గురిగా కూడా మారాయి.

1942 ఏప్రిల్

సింగపూర్ ఫిబ్రవరిలోనూ, రంగూన్ మార్చిలోనూ జపాన్ వశమయ్యాయి. ఏప్రిల్ 5న జపాన్ నౌకాదళం కొలంబో మీద దాడి చేసింది. అదే సమయంలో ఓజావా నాయకత్వంలోని మరో దళం బంగాళాఖాతంలోకి చొరబడి కొద్ది రోజుల్లోనే ఇరవైకి పైగా సరుకు ఓడలను ముంచింది. ఆ దళంలోని ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడ రేవుల మీద బాంబులు వేశాయి.

ఈ దాడి వల్ల కలిగిన నష్టం కొలంబోతో, తరవాత ట్రింకోమలీతో పోలిస్తే స్వల్పమే. భయం మాత్రం పెద్దది. అప్పటికే బర్మా నుంచి నడిచి వస్తున్నవాళ్లు చెప్పే కబుర్లు ఊళ్లో ఉన్నాయి. పేపర్లలో ఏది రాయాలో, ఏది రాయకూడదో సర్కారు చెప్పే రోజులు కనుక, అచ్చులో లేనిదాన్ని పుకారు పూరించింది. జనం రైళ్లెక్కి, బళ్లు కట్టుకుని లోపలి ఊళ్లకు తరలిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు నుంచి గుంటూరుకు మారి యుద్ధం ముగిసేదాకా అక్కడే నడిచింది. అప్పుడు ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి. మద్రాసులోనూ ఇదే గడబిడ. అక్కడి ప్రభుత్వ కార్యాలయాలు జిల్లాలకు, హైకోర్టు కోయంబత్తూరుకు తరలాయి.

“ఊరంతా ఖాళీ అయిపోయింది” అన్న మాట ఆనాటి జ్ఞాపకాలన్నిటిలోనూ వినిపిస్తుంది. ఈ మాటను కాస్త నిదానించి వినాలి. ఊరొదిలి పోవాలంటే పోవడానికి ఒక చోటుండాలి. పొలమూ, పుట్టిల్లూ, అత్తవారిల్లూ ఉన్నవాళ్లు పోగలిగారు. హార్బరులో మూటలు మోసే కలాసీలు, వీధులు ఊడ్చేవాళ్లు, ఆసుపత్రి ఆయాలు, వలల మీద బతికే జాలారి కుటుంబాలు ఎక్కడికి పోగలరు? పోయినవాళ్లలో కొందరు చదువుకున్నవాళ్లు కనుక ఆత్మకథల్లో, ఉత్తరాల్లో రాసుకున్నారు. ఉండిపోయినవాళ్ల కథ రాతకెక్కలేదు. విశాఖ యుద్ధకాల చరిత్రలో అన్నిటికంటే పెద్ద ఖాళీ ఇదే.

ఆ ఏడాది ఊరి వాడుకలోకి కొత్త మాటలు వచ్చిపడ్డాయి. సైరన్, ఏఆర్‌పీ (వైమానిక దాడుల జాగ్రత్తలు), ట్రెంచీ, బ్లాకౌట్ వంటివి చదువు లేనివాళ్ల నోట కూడా ఆడాయి. దీపం వెలుగు బయటికి కనబడకుండా చూడడం, సైరన్ మోగితే గోతుల్లోకి దిగడం పిల్లలకు కూడా అలవాటైంది. తీరం పొడవునా అప్పట్లో కట్టిన కాంక్రీటు పిల్‌బాక్సుల్లో కొన్ని ఇప్పటికీ ఇసుకలో ఒరిగి కనిపిస్తాయి. అలలు తీరాన్ని కోసేస్తున్న కొద్దీ అవి సముద్రం పాలవుతున్నాయి.

రంగం వెళ్లినవాళ్లు, రంగం నుంచి వచ్చినవాళ్లు

విశాఖకు యుద్ధం ఆకాశం నుంచి ఒక్కరోజే వచ్చింది. నేల మీద నడుచుకుంటూ నెలల తరబడి వచ్చింది. అది బర్మా కథ.

ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగూన్‌ను రంగం అనేవారు. కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి ఓడలెక్కి వేలమంది అక్కడికి కూలికి పోయేవారు. మేస్త్రీలు ముందుగా అప్పు ఇచ్చి మనుషులను తీసుకుపోయేవారు. రంగూన్ రేవులో సరుకు దించేది, బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసేది ఎక్కువగా వీళ్లే. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్లందరికీ కోరంగీలు అన్న పేరు పడింది. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువాళ్లు లక్షన్నర మంది దాకా ఉన్నారు. రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. ‘రంగూన్ రౌడీ’ అనే నాటకం తెలుగునాట ఊరూరా ఆడిందంటే ఆ ఊరి పేరు ఇక్కడి జనానికి ఎంత దగ్గరో తెలుస్తుంది.

అక్కడి బతుకు సుఖంగా సాగలేదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ మధ్య రేగిన కొట్లాటలో వందమందికి పైగా చనిపోయారు. తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే ఓడల కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మావాళ్లను పెట్టుకున్నాయి. సమ్మె తీరి పాతవాళ్లను మళ్లీ పనిలోకి పిలిచేసరికి చిచ్చు అంటుకుంది.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద మొదటిసారి బాంబులు పడ్డాయి. ఓడల్లో చోటు డబ్బున్నవాళ్లకూ తెల్లవాళ్లకూ దొరికింది. మిగిలినవాళ్లు నడిచారు. కొందరు ప్రోమ్ నుంచి టౌంగుప్ కనుమ దాటి అరకాన్ తీరం చేరి, అక్కడి నుంచి చిట్టగాంగుకు. కొందరు తమూ మీదుగా మణిపూర్‌లోని ఇంఫాల్‌కు. ఇంకా ఉత్తరాన చిక్కుకున్నవాళ్లు వానల్లో హుకాంగ్ లోయ అడవి దాటి అస్సాంలోని లెడోకు. ఆ నెలల్లో బర్మా వదిలి వచ్చిన భారతీయులు నాలుగైదు లక్షల మంది ఉంటారు. దారిలో కలరా, మలేరియా, ఆకలి వల్ల చనిపోయినవాళ్లు ఎందరన్నది తేలలేదు. పదివేలకు తగ్గరనీ, యాభైవేలు దాటుతారనీ చరిత్రకారుల అంచనాలు వేరువేరుగా ఉన్నాయి. ఈ తేడాలోనే విషయం ఉంది. ఎవరూ లెక్క పెట్టని మనుషులు వాళ్లు. బ్రిటిష్ అధికారుల ప్రయాణాల మీద పుస్తకాలు వచ్చాయి. శ్రీకాకుళం, విశాఖ పల్లెల కూలీల నడక కుటుంబంలో ముసలమ్మ చెప్పే కథగానే ఉండిపోయింది.

యుద్ధం తరవాత కొందరు తిరిగి రంగం వెళ్లారు. 1962లో బర్మాలో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. తరవాతి రెండేళ్లలో దుకాణాలు, వ్యాపారాలు జాతీయమయ్యాయి. 1964 మే నెలలో 50, 100 చాట్ల నోట్లు రద్దయ్యాయి. భారత ప్రభుత్వం ఓడలు పంపితే లక్షలాదిమంది తిరిగి వచ్చారు. నగలు, డబ్బు తెచ్చుకోనివ్వలేదు. మద్రాసు, విశాఖ రేవుల్లో దిగిన ఈ కాందిశీకులు ఊళ్ల శివార్లలో స్థిరపడ్డారు. విశాఖ కంచరపాలెం వైపు ఉన్న బర్మా క్యాంపు పేరు అలా వచ్చినదే. ఒక పేట పేరులో క్యాంపు అన్న మాట అరవై ఏళ్లుగా ఉండిపోవడం చిన్న సంగతి కాదు.

బర్మా నుంచి వచ్చిన కుటుంబాల వంటిల్లు ఈ చరిత్రకు ఒక దస్తావేజు. ఖౌస్వేలో కొబ్బరిపాలు, శనగపిండి కలిపి చిక్కగా కాచిన పులుసును ఉడికించిన నూడుల్స్ మీద పోస్తారు. పైన కరకరలాడే ఉల్లిపాయ, ఎండుమిరప పొడి, నిమ్మరసం. మొహింగాలో చేపల పులుసు, అరటి దూట, బియ్యపు సేవెలు. నూడుల్స్ తప్పిస్తే ఈ వంటల్లో ఉత్తరాంధ్ర ఇంటికి పరాయిది ఏదీ లేదు. కొబ్బరి, చేప, అరటి, శనగపిండి అన్నీ ఇక్కడివే. కలిపే తీరు మాత్రం బర్మాది. పదార్థాలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఓడ దిగిన మనిషి కూడా ఈ వంటను వెంట తెచ్చుకోగలిగాడు. బంగారాన్ని రేవులో ఆపగలిగినవాళ్లు దీన్ని ఆపలేకపోయారు. రెసిపీతో పాటు అది ఎవరి దగ్గర నేర్చారు, రంగూన్‌లో ఏ వీధిలో తినేవారు, ఇక్కడికి వచ్చిన కొత్తలో ఏ దినుసుకు బదులు ఏది వాడారు అన్నవి కూడా రాసిపెడితే అది వలస చరిత్ర అవుతుంది.

యాంగూన్ (అప్పటి రంగూన్), మౌల్మీన్ ప్రాంతాల్లో ఇప్పటికీ తెలుగు కుటుంబాలున్నాయి. 1942లో విడిపోయిన అన్నదమ్ముల సంతానం ఇటూ అటూ ఉంది. ఒకవైపు జ్ఞాపకాలనే సేకరిస్తే కథ సగమే దొరుకుతుంది.

కంట్రోలు రోజులు

బర్మా పోవడంతో బర్మా బియ్యం కూడా పోయింది. యుద్ధానికి ముందు అక్కడి నుంచి ఏటా పది లక్షల టన్నులకు పైగా బియ్యం భారతదేశానికి వచ్చేది. అది ఆగిపోవడం 1943 నాటి బెంగాల్ కరువుకు దారితీసిన కారణాల్లో ఒకటి. తెలుగు జిల్లాల్లో జనం ఆ కాలాన్ని కంట్రోలు రోజులు అంటారు. బియ్యం కంట్రోలు, గుడ్డ కంట్రోలు, కిరసనాయిలు కంట్రోలు. దాని జంటపదం బ్లాకు. యుద్ధం ముగిసి దశాబ్దాలైనా చౌకడిపోను కంట్రోలు షాపు అనే ముసలివాళ్లున్నారు.

ఈ బతుకును పట్టుకున్నది తెలుగు కథ. విజయనగరంలో ఉండి రాసిన చాగంటి సోమయాజులు (1915–1994) కథల్లో చదువు మానిన పిల్లవాడు, కట్టెపుల్లలకు తిరిగే పిల్ల, బిచ్చగాళ్ల కుటుంబం కనబడతారు. ఆ కాలపు ఉత్తరాంధ్ర పేదరికం ఎలా ఉండేదో ఆ కొద్ది పేజీలు చూపినంతగా సర్కారు నివేదికలు చూపవు. కొడవటిగంటి కుటుంబరావు మధ్యతరగతి ఇంట్లో యుద్ధం తెచ్చిన డబ్బునూ, దానితో వచ్చిన మార్పునూ రాశాడు. 1943లో ఏర్పడ్డ ప్రజానాట్యమండలి కరువును వేదిక మీదికి తెచ్చింది. షేక్ నాజర్ బెంగాల్ కరువును బుర్రకథగా చెప్పాడు. యుద్ధకాలపు నిత్యజీవితం కోసం వెతికేవాళ్లు ముందుగా తెరవవలసింది ఈ కథలనే అని నా అభిప్రాయం. అయితే ఏ కథ ఏ సంవత్సరం, ఏ పత్రికలో వచ్చిందో తేల్చుకోవాలి. అది తెలియకపోతే సాక్ష్యంగా దాని విలువ సగం పోతుంది.

1971

ఘాజీ కథ అందరికీ తెలుసు. 2017లో అదే పేరుతో సినిమా కూడా వచ్చింది. అది మునిగిన కారణం మీద రెండు దేశాల మాటలు వేరు. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల వల్లనని భారత నౌకాదళం, లోపలి పేలుడు వల్లనో తన మైను మీదికే తాను రావడం వల్లనో అని పాకిస్తాన్ అంటాయి. ఆ వాదం ఇక్కడ మన పని కాదు. ఊరితో ముడిపడ్డ రెండు సంగతులు మాత్రం చెప్పుకోవాలి.

విమానవాహక నౌక విక్రాంత్ విశాఖ దగ్గరే ఉందని శత్రువు నమ్మాలి. అందుకోసం తూర్పు నౌకాదళాధిపతి ఎన్. కృష్ణన్ ఊరి బజారును కూడా వాడుకున్నాడు. అంత పెద్ద ఓడ సిబ్బందికి సరిపడా మాంసం, కూరగాయలు విశాఖ కాంట్రాక్టర్లకు ఆర్డరు పెట్టించాడు. బజారులో మాట పుడితే అది ఎటు పోవాలో అటు పోతుందని ఆయన లెక్క. అంటే మార్కెట్లో కూరలమ్మే మనిషి తనకు తెలియకుండానే యుద్ధంలో ఒక పాత్ర అయ్యాడు. రెండోది, ఘాజీ మునిగిందనడానికి ఆధారాలు దొరకడంలో చేపల వేటకు వెళ్లినవాళ్ల పాత్ర. నీటి మీద చమురు, తేలుతున్న శిథిలాలు వాళ్ల కంట పడ్డాయి. ఆ జాలారుల కథనం వాళ్ల మాటల్లో, వాళ్ల యాసలో, ఏ రోజు ఏ వేటకు పోయారో ఆ వివరంతో సహా ఉండవలసింది.

ఏం దాచారు

విశాఖలో యుద్ధానికి సంబంధించిన ప్రదర్శనలు దగ్గరదగ్గరగా ఒకే రోడ్డు మీద ఉన్నాయి. 1991లో పాత డచ్చి బంగళాలో తెరిచిన విశాఖ మ్యూజియం, 1996 నాటి విజయ స్మారకం, 2002లో ప్రజలకు తెరిచిన కురుసుర జలాంతర్గామి, 2017లో వచ్చిన టీయూ-142 విమానం. 1969 డిసెంబరులో సేవలో చేరి 2001 ఫిబ్రవరిలో విరమించిన కురుసుర పొడవు 91 మీటర్లు. లోపల ఒక్క మనిషి పట్టే నడవ, గోడకు వేలాడే పడకలు, చేయి చాపితే అంతా అందే వంటగది. ఓడను మ్యూజియంగా మార్చినవాళ్లు నావికుడు ఎక్కడ పడుకున్నాడో, ఎక్కడ వండుకున్నాడో కూడా చూపారు. అందుకే పిల్లలు టార్పెడోల కంటే ఆ పడకల దగ్గర ఎక్కువసేపు ఆగుతారు. అదే శ్రద్ధ ఊరివాళ్ల బతుకు మీద పెట్టి ఉంటే 1942 నాటి ఒక ఇల్లు, ఒక ట్రెంచీ, ఒక కంట్రోలు కార్డు, రంగం నుంచి మోసుకొచ్చిన ఒక పెట్టె ఈ రోడ్డు మీదనే కనబడేవి.

ఉక్కు కర్మాగారం కథను కూడా ఇక్కడే తలుచుకోవాలి. అది యుద్ధం కాదు. కానీ 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఆ కర్మాగారం కోసం పదులకొద్దీ ఊళ్లు లేచిపోయాయి. నిర్వాసితుల ఇళ్లల్లో పునరావాసం కోసం ఇచ్చిన ఆర్ కార్డులు తరం నుంచి తరానికి భద్రంగా అందుతున్నాయి. లేచిపోయిన ఊరి గుడి, చెరువు, శ్మశానం ఎక్కడుండేవో చూపే పటం గీయాలంటే ఆ కార్డున్నవాళ్ల దగ్గరికే పోవాలి.

పాలస్తీనా నేర్పేది

యుద్ధం ముగిశాక జ్ఞాపకాలు సేకరించడం ఒక పని. యుద్ధం నెత్తి మీద ఉండగానే సేకరించడం ఇంకొకటి. రెండోదానికి ఈ కాలంలో అందరూ చూసేది పాలస్తీనా వైపు. 1948లో ఏడు లక్షలకు పైగా పాలస్తీనీయులు ఇళ్లు వదిలి పోవలసి వచ్చింది. దాన్ని వాళ్లు నక్బా అంటారు. పోయిన ఊళ్ల జాబితా వాళ్లే తయారుచేసుకున్నారు. వలీద్ ఖాలిదీ సంపాదకత్వంలో 1992లో వచ్చిన గ్రంథం 418 ఊళ్లను ఒక్కొక్కటిగా, అక్కడ ఎన్ని ఇళ్లున్నాయో, ఏం పండేదో, ఇప్పుడు ఆ నేల మీద ఏముందో నమోదు చేసింది. లెబనాన్ శిబిరాల్లోని వృద్ధుల మాటలను నక్బా ఆర్కైవ్ అనే బృందం 2002 నుంచి వీడియోలుగా తీసింది. ఆ ముఖాముఖీలు ఇప్పుడు బేరూట్‌లోని అమెరికన్ విశ్వవిద్యాలయం దగ్గర ఉన్నాయి. ఊరి పెళ్లి, నూతి దగ్గర కబుర్లు, ఒలీవ కోత, బడి, అన్నీ వాటిలో ఉన్నాయి.

దాచినదాన్ని పోగొట్టుకున్న అనుభవం కూడా వాళ్లకుంది. బేరూట్‌లోని పాలస్తీనా పరిశోధన కేంద్రం గ్రంథాలయాన్ని 1982లో ఇజ్రాయెల్ సైన్యం ఎత్తుకుపోయింది. మరుసటి ఏడాది ఖైదీల మార్పిడిలో భాగంగా దాన్ని తిరిగి ఇచ్చారు. 2023లో మొదలైన గాజా యుద్ధంలో గాజా నగరపాలక సంస్థ పత్రాగారం కాలిపోయింది. గ్రేట్ ఒమరీ మసీదు కూలింది. యునెస్కో వందకు పైగా సాంస్కృతిక స్థలాలకు నష్టం జరిగినట్టు నిర్ధారించింది. ఒమరీ మసీదు గ్రంథాలయంలోని రెండువందల పైచిలుకు చేతిరాత ప్రతులను యుద్ధానికి ముందే అక్కడివాళ్లు బయటి సంస్థల సాయంతో ఫోటోలు తీసి డిజిటల్‌గా భద్రపరిచారు. భవనం పోయినా ఆ అక్షరం మిగిలింది.

మనుషులు మాత్రం అలా మిగలరు. గాజా ఇస్లామిక్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు బోధించిన రిఫాత్ అల్అరీర్ తన విద్యార్థుల చేత ఇంటి కథలు రాయించి 2014లో సంకలనం చేశాడు. యువతీయువకులు తమ రోజులను తామే రాసుకోవడానికి ఏర్పడిన వేదికకు ఆయన ఒక స్థాపకుడు. 2023 డిసెంబరు 6న వైమానిక దాడిలో ఆయన చనిపోయాడు. ఆయన చేతికింద రాయడం నేర్చిన పిల్లలు గుడారాల నుంచి, ఆసుపత్రి మెట్ల మీద నుంచి రాస్తూనే ఉన్నారు. రొట్టె కోసం ఎంతసేపు నిలబడ్డారో, పిల్లికి ఏం పెట్టారో, ఏ పుస్తకాన్ని పొయ్యిలో పెట్టవలసి వచ్చిందో రాస్తున్నారు.

చేతిపని కూడా దస్తావేజే. తత్రీజ్ అనే పాలస్తీనా ఆడవాళ్ల కుట్టుపని 2021లో యునెస్కో జాబితాకెక్కింది. గౌను మీది కుట్టు చూసి ఆమెది ఏ ఊరో చెప్పేవారు. ఊరు పోయినా గౌను మీద ఊరు ఉంది.

తెలుగులో జరిగిన పని

ఈ దారిలో తెలుగువాళ్లు ముందే ఒక గట్టి అడుగు వేశారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల మాటలను స్త్రీశక్తి సంఘటన బృందం టేపుల మీద రికార్డు చేసి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ పేరుతో తెచ్చింది. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం వంటివాళ్లు అందులో మాట్లాడారు. దళంలో నెలసరి వస్తే ఏం చేశారు, పసిబిడ్డ ఏడిస్తే దళానికి ముప్పని ఎవరికి అప్పగించారు, పోరాటం ఆగిపోయాక ఇంటికి వెళ్తే ఎలా చూశారు అన్న ప్రశ్నలు అంతకుముందు ఏ చరిత్రకారుడూ అడగలేదు. చెప్పినవాళ్ల యాసను చెరపకుండా అచ్చువేశారు. యుద్ధకాలపు నిత్యజీవితాన్ని ఎలా అడగాలో, ఎలా వినాలో తెలుసుకోవడానికి తెలుగులో దీన్ని మించిన పాఠం నాకు తెలియదు.

రెండోది కథానిలయం. విశాఖలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన కాళీపట్నం రామారావు (1924–2021) తనకు వచ్చిన పురస్కారాల సొమ్ము పెట్టి 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో దీన్ని స్థాపించాడు. తెలుగులో అచ్చయిన ప్రతి కథనూ అది మొదట వచ్చిన పత్రికతో, తేదీతో సహా చేర్చాలన్నది సంకల్పం. పైన చెప్పిన కంట్రోలు రోజుల కథలను వాటి తేదీలతో వెతకడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. 1918లో వేటపాలెంలో పుట్టిన సారస్వత నికేతనంలో పాత పేపర్లు పదిలంగా ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయపు డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం ఉండనే ఉంది. వీటిని కలిపి 1942 మార్చి నుంచి జూన్ దాకా ఉత్తరాంధ్రకు సంబంధించిన ప్రతి వార్త, ప్రకటన, కథ ఏరి ఒకచోట పెట్టడం ఒక విద్యార్థి బృందం చేయగలిగిన పని. సినిమా ప్రకటనలు, తప్పిపోయినవారి ప్రకటనలు, ఇళ్లు అద్దెకిచ్చే ప్రకటనలు కూడా ఏరాలి. ఊరు ఎప్పుడు ఖాళీ అయిందో, ఎప్పుడు నిండిందో వార్తల కంటే అవే బాగా చెబుతాయి.

సేకరణలో పాటించవలసినవి

1942లో పదేళ్ల పిల్లలకు ఇప్పుడు తొంభై దాటింది. 1964లో ఇరవై ఏళ్ల వయసులో బర్మా ఓడ దిగినవాళ్లకు ఎనభై దాటింది. 1971 నాటి బడిపిల్లలు అరవైల్లో ఉన్నారు. కనుక వరస ఎటు నుంచి మొదలుపెట్టాలో స్పష్టమే.

“యుద్ధం గురించి చెప్పమ్మా” అని అడిగితే సినిమాలో చూసింది, పేపర్లో చదివింది చెబుతారు. “ఆ రోజు పొయ్యి మీద ఏముంది?”, “నిన్ను ఎవరు ఎత్తుకున్నారు?”, “తాళం ఎవరి దగ్గర పెట్టి వెళ్లారు?”, “ఆవుని ఏం చేశారు?” అని అడిగితే చేతులు కదుపుతూ చెబుతారు. ఒక్కరినే కూర్చోబెట్టే కంటే అక్కాచెల్లెళ్లను, వదినామరదళ్లను కలిపి కూర్చోబెడితే ఒకరి మాటను ఒకరు దిద్దుకుంటారు. ఆ దిద్దుబాటును కూడా రికార్డులో ఉంచాలి. తేదీల్లో పొరపాటు వస్తుంది, అది సహజం. పాత పేపరుతో సరిచూసి పక్కన గుర్తు రాయాలి తప్ప చెప్పినవాళ్ల మాటను మార్చకూడదు.

ఉత్తరాంధ్ర యాసను ఉన్నదున్నట్టు రాయాలి. బర్మా కుటుంబాల వృద్ధుల మాటల్లో బర్మా పదాలు దొర్లుతాయి. వాటిని తెలుగులోకి తిప్పేయకుండా అలాగే ఉంచి అర్థం పక్కన ఇవ్వాలి. ఇంట్లో ఉన్న రంగం నాటి ఫోటో, ఓడ టిక్కెట్టు, విదేశీయుల నమోదు కార్డు, ఇత్తడి టిఫిన్ క్యారియర్ వంటివాటిని ఇల్లు దాటించకుండా అక్కడే ఫోటో తీసి, వెనక రాసి ఉన్నదాన్ని కూడా తీసి, వస్తువును వాళ్ల చేతికే ఇవ్వాలి. మ్యూజియానికి ఇస్తామని వాళ్లే అంటే అది వేరు. కొన్ని సంగతులు చెప్పినవాళ్లు బతికుండగా బయటికి రాకూడదని కోరుకుంటారు. దారిలో వదిలేసి రావలసిన బిడ్డ సంగతి, అక్కడ ఉండిపోయిన మొదటి భార్య సంగతి అలాంటివి. ఆ కోరికను రాతపూర్వకంగా తీసుకుని, ఎన్నేళ్లు మూసి ఉంచాలో వాళ్లనే అడిగి, రికార్డుకు ఆ గడువు రాసి పెట్టాలి. రికార్డు ప్రతులు కనీసం మూడు వేర్వేరు ఊళ్లలో ఉండాలి, అందులో ఒకటి చెప్పినవాళ్ల కుటుంబం దగ్గర.